పెద్ద పిల్లల్ని వదిలేయకండి: ఉత్తర చెన్నై బాక్సింగ్ మాస్టర్లకు బహిరంగ లేఖ

రాయపురం, కాశిమేడు, వ్యాసర్పాడి, పుళియంతోపు, ఎన్నూరు... ఈ వైపు ఎక్కడెక్కడ ఇసుక మూట వేలాడదీసి పిల్లలకు బాక్సింగ్ నేర్పుతున్నారో, అక్కడి మాస్టర్లందరికీ నమస్కారాలు.

నేను తండయార్‌పేటలో ఒక బడిలో డ్రిల్ మాస్టార్ని. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. తాతల కాలంలో నెల్లూరు నుంచి, ఒంగోలు నుంచి, చిత్తూరు వైపు నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. హార్బరులో మూటలు మోసినవాళ్లు, వీధులు ఊడ్చేవాళ్లు, ఆటోలు తోలేవాళ్లు, ఇడ్లీ కొట్టు పెట్టుకున్న తల్లులు. వీళ్ల పిల్లల్లో ఒంట్లో బలమూ కాళ్లలో చురుకూ ఉన్నవాడు కనబడితే మీ దగ్గరికి పంపుతూ వస్తున్నాను. మీరు ఫీజు అడగరు. గ్లోవ్స్ మీవే, చేతికి చుట్టుకునే గుడ్డ మీదే, చాలాసార్లు గుడ్లూ అరటిపళ్లూ కూడా మీ జేబులోంచే. మా పేటల పిల్లల కోసం ఇంత చేసేవాళ్లు వేరే ఎవరూ నాకు కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం ఏ అధికారికో కాక మీకు రాస్తున్నాను.

చెప్పాల్సింది ఒక్కటే. తొంభై కిలోలు దాటిన పిల్లల్ని మీరు ముద్దు చేసి వదిలేస్తున్నారు. చిన్న బరువుల పిల్లల మీద ఉన్న పట్టు మీకు వాళ్ల మీద లేదు. దేవుడిచ్చిన ఒడ్డూ పొడుగూ వాళ్లకే ఎక్కువ, మధ్యలో మాయమైపోయేదీ వాళ్లే ఎక్కువ.

ఒక గదిలో చూసింది చెబుతాను. ఏ గది అన్నది అనవసరం, మీలో చాలామంది గదులు అలాగే ఉంటాయి. గోడకి నల్లరంగు పూసి, దాని మీద సుద్దముక్కతో పిల్లల పేర్లు, పేరు పక్కన ఆ పూట బరువు రాస్తున్నారు. కింద పాత కాటా. ఒక్కొక్కడూ చెడ్డీతో ఎక్కుతున్నాడు. ఒక బక్కపిల్లాడు అరకిలో ఎక్కువ తూగాడు. ‘రాత్రి పరోటా సాల్నా తిన్నావా?’ అని మాస్టర్ గద్దించగానే వాడి ముఖం మాడిపోయింది. చొక్కా మీద చొక్కా తొడుక్కుని స్కిప్పింగ్‌కి పరిగెత్తాడు. అందరి తర్వాత బెంచీ మీంచి లేచాడు ఆరడుగుల రెండంగుళాల కుర్రాడు, మా బడి నుంచి వచ్చినవాడే. కాటా వైపు నడవబోతుంటే మాస్టర్ నవ్వి ‘నీకెందుకురా అది, విరిగిపోద్ది’ అన్నారు. పిల్లలంతా నవ్వారు, వాడూ నవ్వాడు. గోడ మీద వాడి పేరు ఉంది, పక్కన అంకె లేదు. అంతకుముందు రోజుదీ లేదు, దాని ముందుదీ లేదు.

ఆ తర్వాత వాడు బ్యాగ్ ముందు నిలబడ్డాడు. ఎడమ చెయ్యి రెండుసార్లు చాచి, వెనక పాదం తిప్పి కుడి చేత్తో ఒక్కటి వేస్తే గొలుసు ఎగిరిపడి పైన రేకుల్లోంచి తుప్పు రాలింది. పదిహేడేళ్ల పిల్లాడి చేతిలో అంత బరువు నేను మళ్లీ చూడలేదు. రెండు రౌండ్లు అలా కొట్టి, మూడో రౌండులో బ్యాగ్‌ని కౌగిలించుకుని నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఏడాది తిరిగేసరికి వాడు గదిలో లేడు. ఇప్పుడు ఓఎంఆర్ రోడ్డులో ఒక బార్ గుమ్మం దగ్గర నల్ల టీషర్టు వేసుకుని రాత్రంతా నిలబడుతున్నాడు.

ఆ పని తక్కువదని నేను అనను. ఇంటికి డబ్బు తెస్తున్నాడు. కానీ వాడి చేతిలో ఉన్నది అది కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈ కథ మన ఒక్క ఊరిది కాదు. హెవీవెయిట్, అంటే అన్నిటికంటే పెద్ద బరువు తరగతి, చరిత్ర తిరగేస్తే గెలిచినవాళ్ల కంటే గెలుపుని నిలబెట్టుకోలేకపోయినవాళ్లే ఎక్కువ కనబడతారు. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో బస్టర్ డగ్లస్ మైక్ టైసన్ని పడగొట్టిన సంగతి మీ గదుల్లో రోజూ చెప్పుకుంటారు. అప్పటికి టైసన్ 37 పోటీలు ఆడి ఒక్కటీ ఓడలేదు. పందెం రాయుళ్లు డగ్లస్ మీద 42కి 1 ఇచ్చారు, అంటే గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు. పోటీకి మూడు వారాల ముందే డగ్లస్ తల్లి లూలా పెర్ల్ చనిపోయింది. తన కొడుకు టైసన్ని కొట్టి తీరతాడని ఆవిడ కనబడ్డవాళ్లకల్లా చెప్పుకునేదట. ఆ దుఃఖం మోసుకుని రింగ్ ఎక్కిన మనిషి ఎనిమిదో రౌండులో కిందపడి కూడా లేచాడు. పదో రౌండులో టైసన్ నేల మీద పాకుతూ మౌత్‌పీస్ వెతుక్కున్నాడు.

మనం ఎప్పుడూ అక్కడే ఆగిపోతాం. ఎనిమిది నెలల తర్వాత జరిగింది పిల్లలకి చెప్పం. అక్టోబర్ 25న లాస్ వేగాస్‌లో అదే డగ్లస్, ఎవాండర్ హోలీఫీల్డ్ ముందుకు వచ్చాడు. టోక్యోలో 231న్నర పౌండ్లు, అంటే 105 కిలోలు తూగినవాడు ఇప్పుడు 246 పౌండ్లు, దాదాపు 112 కిలోలు. ఆ ఒక్క పోటీకి అతనికి ముట్టింది రెండు కోట్ల డాలర్ల పైచిలుకు. మూడో రౌండులో అతను కింది నుంచి పైకి విసిరిన అప్పర్‌కట్ గాలిలో కలిసింది, హోలీఫీల్డ్ కుడి చెయ్యి నేరుగా వచ్చి తగిలింది. వెల్లకిలా పడి, గ్లోవ్‌తో ముఖం తడుముకుంటూ, లెక్క పూర్తయ్యేదాకా అలాగే ఉండిపోయాడు. తర్వాత కొన్నేళ్లకి ఒళ్లు నాలుగు వందల పౌండ్ల దరిదాపుకి చేరింది. 1994లో షుగర్ ముదిరి కోమాలోకి వెళ్లాడు. చావు దాకా వెళ్లి బతికి బయటపడ్డాడు.

టైసన్ని ఓడించినవాడికి ప్రతిభ లేదని ఎవరంటారు? కానీ 1987లో టోనీ టక్కర్‌తో ఐబీఎఫ్ అనే ప్రపంచ సంస్థ టైటిల్‌కి ఆడినప్పుడు కూడా బాగా ఆడుతూ ఆడుతూ పదో రౌండులో చేతులు వదిలేశాడు. అంటే ఆ గుణం ముందూ ఉంది, తర్వాతా ఉంది. మధ్యలో తల్లి పోయిన దుఃఖం అతన్ని ఒక్క రోజు నిలబెట్టింది. దుఃఖం ఒకసారి లేపుతుంది. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేపాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి.

పాతకాలం ముచ్చట అనుకోకండి, మన పిల్లలు ఫోన్‌లో చూసిన ఆండీ రూయిజ్‌నే తీసుకోండి. 2019 జూన్ 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆంథొనీ జాషువాని ఏడో రౌండులో ఆపేశాడు. అసలు ఆడాల్సినవాడు డోపింగ్‌లో దొరికిపోతే చివరి క్షణంలో పిలుపు వచ్చినవాడు రూయిజ్. ఆ రోజు 268 పౌండ్లు. పొట్ట ఉంది, అయినా చేతులు మెరుపులా కదిలాయి. మన పిల్లలు పట్టుకున్నది ఆ పొట్టని. ‘చూడండి మాస్టర్, పొట్ట ఉన్నా చాంపియన్ అయ్యాడు’ అంటారు నాతో. డిసెంబర్ 7న సౌదీలో జరిగిన రెండో పోటీ వాళ్లకి గుర్తుండదు. ఆ ఆరు నెలల్లో రూయిజ్ 283 పౌండ్లకు చేరాడు. పన్నెండు రౌండ్లూ జాషువా చుట్టూ తిరుగుతూ కొడుతుంటే వెంటపడలేక ఓడిపోయాడు. విందులు, పార్టీలు తన కొంప ముంచాయని, కోచ్ మాట విని ఉండాల్సిందని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఈ రెండో పోటీని దయచేసి మీ గదిలో అందరినీ కూర్చోబెట్టి చూపించండి. మొదటిది ఎలాగూ చూస్తారు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది రిడిక్ బో కథ. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చినా, వీడు బద్ధకస్తుడు, పనికిరాడు అని అమెరికాలో పేరు పడింది. వృద్ధుడైన కోచ్ ఎడ్డీ ఫచ్ దగ్గరికి తీసుకెళ్లారు. ఫచ్ అంటే మీకు తెలుసు, 1975లో మనీలాలో అలీతో పోరు చివరి రౌండుకి ముందు జో ఫ్రేజియర్‌ని స్టూల్ మీంచి లేవనివ్వని మనిషి. తన ఆటగాడికి టైటిల్ దక్కకపోయినా సరే, కళ్లు కోల్పోకూడదని పోటీ ఆపేసినవాడు. ఆయన బోకి రీనోలో పరుగు అప్పజెప్పి, తను ఊళ్లో ఉండనని చెప్పి, తెల్లవారకముందే కొండదారిలో మాటు వేసి చూశాడు. చూసేవాళ్లెవరూ లేరనుకున్న చీకట్లో బో ఒంటరిగా పరిగెత్తుకుంటూ వచ్చాడు. అప్పుడు గానీ ఫచ్ వాణ్ణి శిష్యుడిగా తీసుకోలేదు.

1992 నవంబర్ 13న హోలీఫీల్డ్‌తో పోరులో 235 పౌండ్ల బో ఎంత అందంగా ఆడాడో చూడండి. అంత పెద్ద మనిషి దగ్గరికి చొరబడి, చిన్నవాడిలా లోపల్నుంచి అప్పర్‌కట్లు వేయడం నేను మళ్లీ చూడలేదు. ఏడాది తిరగకుండా 1993 నవంబర్ 6న జరిగిన రెండో పోటీకి 246తో వచ్చి పాయింట్ల మీద ఓడిపోయాడు. 1996లో గొలోటాతో రెండుసార్లు ఆడాడు, మొదటిసారి 252తో వచ్చాడు. ఆ రెండు పోటీల్లోనూ గొలోటా బెల్టు కిందకి కొట్టి డిస్‌క్వాలిఫై కాబట్టి రికార్డులో బో గెలిచినట్టే ఉంటుంది. కానీ ఆ దెబ్బలన్నీ తిన్నది అతని తలే. తర్వాత అతని మాట ఎలా ముద్దగా మారిందో విన్నవాళ్లకి తెలుసు. ప్రొఫెషనల్‌గా మొత్తంలో ఓడింది ఒక్కసారి. అలాంటివాడు ముప్పై నిండకముందే అయిపోయాడు.

చీకట్లో ఒంటరిగా కొండ ఎక్కిన పిల్లాడు బద్ధకస్తుడు కాదు. బెల్టు వచ్చాక వద్దు అనే గొంతు అతని చెవి దాకా వెళ్లడం మానేసింది. టైసన్ సంగతీ అంతే. పెంచిన గురువు కస్ డమాటో 1985లో పోయాడు. కోచ్ కెవిన్ రూనీ మూలలో ఉన్నంత కాలం తల కదులుతూనే ఉంది, ముందు చేత్తో సూటిగా వేసే జాబ్ పడుతూనే ఉంది. 1988లో రూనీని తీసేశారు, ఏడాదిన్నర తిరక్కుండానే టోక్యో వచ్చింది.

ఇక ఈ జబ్బు హెవీవెయిట్‌లకే ఎందుకు ఎక్కువ అన్నది మీలో కొందరితో మాట్లాడినప్పుడు ‘పెద్దోళ్లకి ఒళ్లు బరువు సార్’ అని తేల్చేశారు. నాకు అది సరిపోలేదు. మిగతా అన్ని తరగతులకీ పై హద్దు ఉంది. నూరు గ్రాములు ఎక్కువున్నా పోటీ లేదు. కాబట్టి మాస్టర్ ఊరుకున్నా కాటా ఊరుకోదు. ప్రొఫెషనల్‌లో సాధారణంగా 200 పౌండ్లు దాటితే ఆపైన ఎంతున్నా హెవీవెయిటే. మన పోటీల్లోనూ ఆఖరి తరగతికి కింది హద్దే గానీ పై హద్దు లేదు. ఆటే వాళ్లని అడగదు, కాబట్టి మీరు అడగాలి.

ఇంకో సంగతి. పెద్ద పిల్లాడికి మొదట్లో ఒక్క గుద్దు చాలు. జిల్లా స్థాయిలో ఎదురుగా వచ్చినవాడు మొదటి రౌండులోనే కూర్చుంటాడు. మూడో రౌండు ఎన్నడూ చూడనివాడికి మూడో రౌండు కోసం పరిగెత్తడం ఎందుకో ఎలా తెలుస్తుంది? పైగా మన దగ్గర ఆ తరగతిలో పేర్లు ఇచ్చేవాళ్లే తక్కువ. ఎదుటివాడు లేక ఆడకుండానే తర్వాతి రౌండుకి పంపే ‘బై’ మీద ‘బై’ వచ్చి, ఒక్క బౌట్ ఆడి, ఒక్కోసారి అదీ ఆడకుండా పతకం మెళ్లో పడుతుంది. మర్నాడు వీధి మొగలో ఫ్లెక్సీ లేస్తుంది. వార్డు నాయకుడు శాలువా కప్పుతాడు. ‘వీణ్ణి మా దగ్గర ఉంచండి’ అని ఎవరో ఒకరు అడుగుతారు, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. ఒక్క దెబ్బ కూడా తినకుండా వచ్చిన గౌరవం అది. మొదటిసారి నిజమైన ప్రత్యర్థి ఎదురై ముక్కు పగిలినప్పుడు, నేను దీనికోసమా వచ్చింది అనిపించి మానేస్తాడు. వాణ్ణి పిరికివాడని వెక్కిరించడం నేను విన్నాను. వాడికి అప్పటిదాకా బాక్సింగ్ ఎవరూ నేర్పలేదు, శాలువాలు కప్పారంతే.

గదిలో సమానమైన జోడీ లేకపోవడం మరీ దెబ్బ కొడుతోంది. అరవై కిలోల పిల్లాడితో స్పారింగ్, అంటే సాధన పోరు, పెడితే పెద్దవాడు చెయ్యి బిగబట్టి ఆడాలి. అలా ఏళ్ల తరబడి బిగబట్టి ఆడేవాడికి విసుగు రాకుండా ఎలా ఉంటుంది? ఒక గదిలో ఒకడు, రెండు వీధుల అవతల ఇంకో గదిలో ఒకడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. కారణం పాత పరంబరైల, అంటే తరతరాల బాక్సింగ్ వర్గాల, పంతం. సార్పట్టా వాళ్లం, ఇడియప్ప వాళ్లం అని పెద్దలు పట్టుకున్న పట్టుదలే ఈ పేటల్లో బాక్సింగ్‌ని బతికించింది, నాకు దాని మీద గౌరవం ఉంది. 1980లో అలీ మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోరు ఆడినప్పుడు ఆయన్ని చూడ్డానికి మా వీధి మొత్తం ఖాళీ అయిందని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ పిచ్చి పరంబరైల పుణ్యమే. అయితే ఆ పంతం ఇవాళ ఒక హెవీవెయిట్ పిల్లాడికి ఇంకో హెవీవెయిట్‌ని దొరక్కుండా చేస్తుంటే దాన్ని కాసేపు పక్కన పెట్టాల్సిందే.

డబ్బు సంగతి కూడా మాట్లాడాలి. 1980ల్లో అమెరికాలో చాంపియన్ లారీ హోమ్స్ వెనకాల ఒక తరం వచ్చింది: టిమ్ విదర్‌స్పూన్, గ్రెగ్ పేజ్, టోనీ టబ్స్, మైకేల్ డోక్స్, పింక్లన్ థామస్. అందరి దగ్గరా చెయ్యి ఉంది. ఒకరి తర్వాత ఒకరు బెల్టు పట్టుకుని, నెలల్లో జారవిడిచారు. కొందరు తిండితో, కొందరు కొకైన్‌తో. తిన్నది అరక్క చెడిపోయారని తీసిపారేయడం తేలిక. విదర్‌స్పూన్ 1986లో లండన్ వెళ్లి ఫ్రాంక్ బ్రూనోని వాడి సొంత జనం ముందు ఓడించాడు. చాంపియన్ అతను, కానీ చేతికొచ్చింది బ్రూనోకి వచ్చిన దాంట్లో చిన్న ముక్క. ఆ డిసెంబర్‌లోనే బోన్‌క్రషర్ స్మిత్ చేతిలో మొదటి రౌండులో కూలిపోయాడు. తర్వాత ప్రమోటర్ డాన్ కింగ్ మీద కేసు వేశాడు, ఆ వ్యవహారం కోర్టు బయట రాజీతో తేలింది. కష్టపడితే వచ్చేది తనకి కాదని ఒక మనిషికి అర్థమయ్యాక ఏ కొండ ఎక్కమంటారు వాణ్ణి?

మన పిల్లలు లెక్క వేసుకునేదీ ఇదే. బార్ గుమ్మం దగ్గర నిలబడితే నెల తిరగ్గానే డబ్బు. రింగ్‌లో నిలబడితే టోర్నమెంటుకి వెళ్లే రైలు టికెట్టు కూడా తల్లి అప్పు చేసి కొనాలి. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తే చాలని కొందరు ఆడతారు. వచ్చిన రోజునుంచి గ్లోవ్స్ మేకుకి తగిలిస్తారు. తప్పు పట్టలేం, వాళ్లకి గమ్యం అదేనని మనమే చెప్పాం. ఉద్యోగం వచ్చాక కూడా ఎందుకు ఆడాలో పదిహేనేళ్లప్పుడే చెప్పి ఉంటే కొందరైనా నిలిచేవాళ్లేమో.

గ్రెగ్ పేజ్ పేరు చెప్పాను కదా. 1984లో డబ్ల్యూబీఏ అనే ఇంకో ప్రపంచ సంస్థ చాంపియన్. 2001లో, నలభై రెండేళ్ల వయసులో, కెంటకీలో ఒక చిన్న పోటీలో 1,500 డాలర్ల కోసం రింగ్ ఎక్కాడు. తలకి దెబ్బ తగిలి మెదడులో రక్తం చేరింది, శరీరం ఒకవైపు పడిపోయింది. 2009లో చనిపోయాడు. అవతలివాడి చేతిలో కూడా తొంభై కిలోల పైన బరువుండే తరగతి ఇది. ఊపిరి చాలక చేతులు కిందికి దిగితే ఓడిపోవడంతో పోదు. అందుకే వెయిట్ గురించి నేను ఇంత పట్టుబట్టేది. అందం కోసం కాదు.

అలాగని తిట్టడం మందు కాదు. 1997లో ఆలివర్ మెకాల్ లెనాక్స్ లూయిస్‌తో ఆడుతూ రింగ్ మధ్యలో చేతులు దించేసి ఏడ్చాడు. జనం వెర్రివాడన్నారు. మత్తుమందులతో, మనసుతో ఒకేసారి పోరాడుతున్న మనిషి అతను. టైసన్ ఫ్యూరీ 2015లో క్లిచ్‌కోని ఓడించి, ఆ వెంటనే డిప్రెషన్‌లో పడిపోయి నాలుగు వందల పౌండ్ల దరిదాపుకి వెళ్లాడు. వైద్యం, మనుషులు, ఒక్కో కిలో తగ్గించే ఓపిక ఉన్న కోచ్ దొరికి, 2018లో తిరిగి వచ్చాడు, 2020లో వైల్డర్‌ని ఆపేశాడు. కాబట్టి ఒక పిల్లాడు ఉన్నట్టుండి రావడం మానేస్తే సోమరి అని పేరు పెట్టేముందు వాళ్లింటికి వెళ్లండి. కీళ్పాక్కం మానసిక ఆసుపత్రి పేరెత్తితే మన పేటల్లో వెక్కిరిస్తారు. ఆ వెక్కిరింత మీ గదిలో లేకుండా చూడండి. మీరు తోడు వస్తే పిల్లాడు డాక్టర్ దగ్గరికి వస్తాడు, తల్లి ఒక్కతే తీసుకెళ్లలేదు.

మన దేశంలో పెద్ద బరువుల్లో నిలబడి చూపినవాళ్లు లేకపోలేదు. కౌర్ సింగ్ సైన్యంలో చేరాక గ్లోవ్స్ తొడిగి 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ స్వర్ణం తెచ్చాడు. సతీశ్ కుమార్ టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ముఖం మీద 13 కుట్లతో రింగ్ ఎక్కి, ప్రపంచ చాంపియన్ జలోలోవ్‌తో మూడు రౌండ్లూ నిలబడి ఆడాడు. ఓడిపోయాడు. ఆ ఓటమి చూసి మా బడిలో ఒక పిల్లాడు నన్ను బాక్సింగ్‌కి పంపమని అడిగాడు. వీళ్లిద్దరూ సైన్యం మనుషులు. పొద్దున్నే లేపడానికి, తిండి కొలిచి పెట్టడానికి, రాకపోతే ఎక్కడ అని అడగడానికి అక్కడ ఒక ఏర్పాటు ఉంది. మన పిల్లలకి ఆ ఏర్పాటు మీరే.

అందుకని అడుగుతున్నాను. పెద్ద పిల్లాడికి మీరే ఒక పై హద్దు పెట్టండి. వాడి ఎత్తుకి, వాడి కాళ్లకి ఏ బరువు నప్పుతుందో మీకు తెలుసు. అది వాడి పేరు పక్కన రాసి, రోజూ అందరితో పాటు వాణ్ణీ కాటా ఎక్కించండి. ‘బై’ మీద వచ్చిన పతకానికి ఫ్లెక్సీ వద్దని వీధి పెద్దలకి మీరే చెప్పండి, మీ మాట కాదనేవాళ్లు ఈ పేటల్లో లేరు. గెలిచిన వారం రోజులూ వాణ్ణి కనిపెట్టుకుని ఉండండి. ఓడినప్పుడు ఎలాగూ నలుగురూ ఓదారుస్తారు, గెలిచినప్పుడే ఒంటరిగా వదిలేస్తున్నాం. రాత్రి కాపలా పనికి వెళ్లక తప్పని ఇల్లయితే దాచిపెట్టుకోకుండా ముందే మీతో చెప్పమనండి. శిక్షణ సాయంత్రానికి మార్చవచ్చు, తెల్లవారుజామున రాలేదని పేరు కొట్టేయకండి. తల్లిని ఒకసారి గదికి పిలవండి. ఆవిడ పెట్టే తిండిలో ఏం తగ్గించాలో, ఖర్చు పెరగకుండా ఏం పెంచాలో మీరు చెబితే వింటుంది. నేను చెబితే, మా పిల్లాడు బక్కచిక్కిపోతాడు సారూ అంటుంది.

లెనాక్స్ లూయిస్ అంతటివాడు 2001లో ఒక సినిమా షూటింగ్‌లో కాలం గడిపి, ఎత్తు ప్రదేశంలో జరిగే పోటీకి ఆలస్యంగా దక్షిణాఫ్రికా చేరి రహ్మాన్ చేతిలో నాకౌట్ అయ్యాడు. ఏడు నెలల్లో, ఒళ్లు దగ్గర పెట్టుకుని వచ్చి అదే రహ్మాన్‌ని నాలుగో రౌండులో పడేశాడు. జారినవాళ్లందరూ పోయినవాళ్లు కారు. మధ్యలో మానేసిన పెద్ద పిల్లల పేర్లు మీ అందరి దగ్గరా ఉంటాయి. ఇరవై, ఇరవై రెండు దాటనివాళ్లే ఎక్కువ. ఒక్కసారి కబురు పెట్టండి. ఓఎంఆర్ కుర్రాడికి నేను పెట్టాను. ఆదివారం సెలవని చెప్పాడు, వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

జూన్‌లో బడి తెరవగానే ఇద్దర్ని పంపుతున్నాను. ఒకడిది కొరుక్కుపేట, ఇంకొకడిది వ్యాసర్పాడి. ఇద్దరూ పదో తరగతి, ఇద్దరూ ఎనభై దాటారు, ఇంకా ఎదుగుతున్నారు. ఇద్దర్నీ రెండు గదులకి పంపుతాను. కానీ ప్రతి ఆదివారం అన్ని గదుల పెద్ద పిల్లలూ ఒకచోట చేరి స్పారింగ్ చేయాలని నా కోరిక. మా బడి మైదానం వాడుకోవడానికి హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారు. కొత్త కాటా మేం కొంటాం. హెడ్‌గార్డులు, పెద్ద సైజు గ్లోవ్స్ మీ గదుల్లోంచి తెస్తే చాలు. ఏ పరంబరై మాస్టర్ మూలలో నిలబడాలి, ఎవరు రెఫరీ అన్న గొడవ రాకుండా వారానికొకరు వంతు వేసుకుందాం. గంట నేను కొడతాను. జూన్ మొదటి ఆదివారం పొద్దున ఆరింటికి. వస్తున్నదీ లేనిదీ ఆ ముందు శుక్రవారంలోగా బడికి కబురు చేయండి, పిల్లలకి గుడ్లు ఉడకబెట్టించాలి.

ఇట్లు,
తండయార్‌పేట డ్రిల్ మాస్టారు